తస్వీర్లకు నాజిమ్: సలీమా హాష్మీ

ఫైజ్ అహ్మద్ ఫైజ్ ఎవరో మన ఇళ్లలో చెప్పనక్కర్లేదు. ఉర్దూ చదవడం రానివాళ్లు కూడా మెహదీ హసన్, నూర్‌జహాన్, ఇక్బాల్ బానో గొంతుల్లో ఆయన కలామ్ విన్నవాళ్లే. మన మఖ్దూమ్ యాద్‌లో, మఖ్దూమ్ జమీన్‌లోనే ఫైజ్ సాహెబ్ గజళ్లు రాశారని హైదరాబాదీలు ఇప్పటికీ ఫఖ్ర్‌గా చెప్పుకుంటారు. ఆయన పెద్ద బేటీ సలీమా హాష్మీ గురించి అడిగితే మాత్రం మహఫిల్ ఖామోష్ అయిపోతుంది. అబ్బా కలమ్ పట్టుకుంటే బేటీ బ్రష్ పట్టుకుంది. ఆ తర్వాత తన తస్వీర్ల కంటే ఇతరుల తస్వీర్లను దునియాకు చూపించే పనిలోనే ఎక్కువ జిందగీ గడిపింది. ఆ పని తవారీఖ్ తెలుగులో ఎక్కడా కనపడక ఇది రాస్తున్నాను.

ఆమె చేసే పనిని ఇంగ్లిష్‌లో క్యురేటర్ అంటారు. ముషాయిరా చూసినవాళ్లకు దీన్ని సమ్‌ఝాయించడం ఆసాన్. నాజిమ్-ఎ-ముషాయిరా ఏం చేస్తాడు? ఎవరిని పిలవాలి, ఎవరి తర్వాత ఎవరు చదవాలి, కొత్త షాయర్‌ను ఏ మాటలతో సభకు పరిచయం చేయాలి అన్నవి చూసుకుంటాడు. క్యురేటర్ తస్వీర్లకు నాజిమ్. దానికి తోడు నఖ్ఖాద్ పని కూడా చేస్తే, అంటే మంచీచెడూ తూచి కితాబుల్లో రాస్తే, ఆ మనిషి రాసిందే రేపటికి తారీఖ్‌గా నిలుస్తుంది. ఎవరి పేరు రాయలేదో వాళ్లు లేనట్టే. సలీమా ఆపా కథలో అసలు మసలా ఇదే.

ఆమె 1942లో ఢిల్లీలో పుట్టింది. అమ్మీ ఎలిస్ ఇంగ్లండ్ మనిషి. ఫైజ్, ఎలిస్‌ల నికాహ్ 1941లో శ్రీనగర్‌లో షేక్ అబ్దుల్లా చదివించారు. 1951 మార్చిలో రావల్పిండి కుట్ర కేసులో ఫైజ్‌ను పట్టుకుపోయినప్పుడు సలీమాకు ఎనిమిదేళ్లు. ఆ ముఖద్దమా నడిచింది హైదరాబాద్ జైల్లో. మన దక్కన్ హైదరాబాద్ కాదు, సింధ్‌ది. నాలుగేళ్లు అబ్బా లోపల ఉంటే, అమ్మీ పాకిస్తాన్ టైమ్స్ పత్రికలో నౌకరీ చేస్తూ ఇద్దరు ఆడపిల్లలను పెంచింది. హుకూమత్ అంటే ఏమిటో, దాని ముందు తల దించకుండా ఇల్లు నడపడం ఏమిటో ఆ పిల్లలకు ఇంట్లోనే తాలీమ్ అయింది.

సలీమా లాహోర్ నేషనల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్స్‌లో చదివింది. అంగ్రేజుల కాలంలో 1875లో మొదలైన మేయో స్కూలే ఈ కాలేజీ. అక్కడి నుంచి ఇంగ్లండ్ వెళ్లి బాత్ అకాడమీలో నేర్చుకుని, తిరిగొచ్చి తన కాలేజీలోనే ఉస్తాద్ అయింది. 1970ల మొదట్లో శౌహర్ షోయబ్ హాష్మీతో కలిసి టీవీలో తంజ్-ఓ-మజాహ్ ప్రోగ్రాములు చేసింది. ‘సచ్ గప్’, ‘టాల్ మటోల్’ పేర్లు చెబితే ఆ తరం పాకిస్తానీలు ఇప్పటికీ నవ్వుతారు.

1977 జులైలో జియా-ఉల్-హఖ్ తఖ్త్ ఎక్కాడు. ఆ నవ్వులకు కాలం చెల్లింది. 1979లో హుదూద్ ఆర్డినెన్సులు వచ్చాయి. ఆర్ట్ విషయంలో హుకూమత్ పసంద్ ఏమిటో అందరికీ తెలిసిపోయింది: ఖత్తాతీ, కొండలూ కోనల నజారాలు. మనిషి బొమ్మ అంటే షక్‌తో చూడటం మొదలైంది.

ఇక్కడ ఒక మాట సాఫ్‌గా చెప్పుకోవాలి. ఖత్తాతీలో ఐబ్ ఏమీ లేదు. అది మన సరమాయా. ఖత్తాతీతో మనసులు గెలిచిన సాదిఖైన్ 1980ల మొదట్లో హిందుస్తాన్ వచ్చినప్పుడు మన హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐలో కూడా గోడ తస్వీర్ వేసి వెళ్లారు. ఏది గీస్తే ఇనామ్, ఏది గీస్తే ఖతరా అని దర్బార్ ఫైస్లా చేయడంలోనే ఐబ్ ఉంది. సలీమా ఆపా నఖ్ఖాద్‌గా గమనించిన ముఖ్యమైన సంగతి కూడా ఇదే. చాలామంది మగ ముసవ్విర్లు సర్కార్ పసంద్ వైపు నడిస్తే, ఆడవాళ్లలో ఎందరో ఆ దారి పట్టలేదు. వాళ్లు తమ బదన్ గురించి, ఇంటి గురించి, చాదర్, చార్‌దీవారీ గురించి గీశారు.

1983 ఫిబ్రవరి 12న లాహోర్‌లో ఆడవాళ్లు జులూస్ తీశారు. డబ్బు లావాదేవీల్లో ఇద్దరు ఆడవాళ్ల గవాహీని ఒక్క మగవాడి గవాహీకి సమానం చేసే చట్టం రాబోతోంది. దానికి ఎదురు తిరిగితే పోలీసులు లాఠీలు ఎత్తారు, బాష్పవాయువు వదిలారు. షాయర్ హబీబ్ జాలిబ్ కూడా ఆ రోజు దెబ్బలు తిన్నారు. అదే ఏడాది 15 మంది ముసవ్విరాలు ఒక ఎలాన్‌నామా మీద దస్తఖత్ చేశారు. సలీమా హాష్మీ, లాలారుఖ్, షహర్‌జాద్ ఆలమ్, మెహర్ అఫ్రోజ్ అందులో ఉన్నారు. దేశంలో ఆడవాళ్ల హాలత్ దిగజారుతోందన్న ఫిక్ర్‌తో పాటు, ఈ దేశంలో ఆర్ట్ తాలీమ్‌కు బునియాద్ వేసిన ఆడవాళ్ల ఖిద్మత్‌ను గుర్తించాలన్న మాట కూడా అందులో ఉంది.

ఆ మాట ఊరికే అన్నది కాదు. పంజాబ్ యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ శాఖను 1940లో మొదలుపెట్టింది అన్నా మోల్కా అహ్మద్. పాకిస్తాన్‌లో మోడరన్ ఆర్ట్‌కు తొలి సోలో నుమాయిష్ 1949లో జుబేదా ఆగాది. అయినా పెద్ద పేర్లు చెప్పమంటే ముందు మగవాళ్లవే వచ్చేవి. సలీమా ఆపా ఊరూరా తిరిగి, ఆ ఆడవాళ్లతో మాట్లాడి, వాళ్ల జిందగీలనూ పనినీ కలిపి ‘అన్‌వీలింగ్ ది విజిబుల్’ అనే కితాబ్ రాసింది. 2000 తర్వాత తొలి ఏళ్లలో అది అచ్చయింది. పేరులోనే నుక్తా ఉంది: కళ్ల ముందున్న దానిమీది పర్దా తీయడం. ఆ పర్దా వాళ్లు వేసుకున్నది కాదు, చూసేవాళ్ల కళ్లమీదిది.

కాలేజీలో సుమారు ముప్ఫై ఏళ్లు చదువు చెప్పి, 1990ల రెండో సగంలో ప్రిన్సిపాల్‌గా చేసింది. తర్వాత బీకన్‌హౌస్ నేషనల్ యూనివర్సిటీలో విజువల్ ఆర్ట్స్ స్కూల్‌కు డీన్ అయింది. లాహోర్‌లో తన ఇంట్లోనే ‘రోహ్తాస్ 2’ గ్యాలరీ తెరిచి, పేరు లేని నౌజవాన్లకు గోడ ఇచ్చింది. ఆ కాలేజీలోనే 1980లలో మొఘల్ ముసవ్విరీ మళ్లీ పాఠంగా నిలబడి, వస్లీ కాగితం మీద సన్న కలంతో నేటి కథలు చెప్పే తరం పుట్టింది. సింధ్ హైదరాబాద్‌లో పుట్టిన ఇమ్రాన్ ఖురేషీ ఆ తరం వాడే.

2009లో న్యూయార్క్ ఏషియా సొసైటీలో ఆమె పెట్టిన నుమాయిష్ ‘హ్యాంగింగ్ ఫైర్’. నేటి పాకిస్తానీ ఆర్ట్‌కు అమెరికా మ్యూజియంలో జరిగిన తొలి పెద్ద నుమాయిష్ అది. అప్పటి వఖ్త్ గుర్తు చేసుకోండి. ఆ మార్చిలోనే లాహోర్‌లో శ్రీలంక క్రికెట్ టీమ్ మీద హమ్లా జరిగింది. పాకిస్తాన్ అంటే టీవీల్లో బాంబు తప్ప మరేదీ కనపడని రోజులు. అప్పుడు ఆమె 15 మంది పనిని తీసుకెళ్లి, ఫైస్లా కాసేపు ఆపి ముందు చూడమని అడిగింది. పేరుకు అర్థం అదే. రషీద్ రానా ‘రెడ్ కార్పెట్’ దూరం నుంచి ఖూబ్‌సూరత్ ఎర్ర తివాచీ. దగ్గరికి వెళ్తే జబహ్‌ఖానా ఫొటోల తునకలు వేలల్లో కనిపిస్తాయి. దూరం నుంచి చూసి ఒక ఖౌమ్ గురించి రాయ్ చెప్పేవాళ్లకు ఇంతకంటే జవాబ్ ఏముంటుంది?

సర్హద్‌కు ఇవతల కూడా ఆమె పని ఉంది. 2007లో ఢిల్లీ నఖ్ఖాద్ యశోధరా దాల్మియాతో కలిసి రెండు దేశాల ఆర్ట్ మీద ఒకే కితాబ్ రాసింది. 2016లో ఢిల్లీలో తఖ్సీమ్ మీద ఒక నుమాయిష్ పెట్టి, దానికి అబ్బా ఆజాదీ నజ్మ్ నుంచే పేరు తీసుకుంది.

‘ఫైజ్ బేటీ కాబట్టి చెల్లింది’ అనేవాళ్లు ఉంటారు. ఆ పేరు తలుపులు తెరిచిన మాట సచ్. ఆ తలుపుల్లోంచి ఎవరిని లోపలికి తీసుకొచ్చింది అన్నది ఆమె సొంత హిసాబ్. అన్నా మోల్కా, జుబేదా ఆగాల జిందగీలు ఈ రోజు మనకు ఒకచోట చదవడానికి దొరుకుతున్నాయంటే అది ఆమె మెహనత్.

మన ఇళ్ల సంగతి చూడండి. తస్వీర్ జాయెజా, నాజాయెజా అన్న బహస్ ఉలమాకు వదిలేద్దాం. మెహందీ డిజైన్, జర్దోజీ, ఖుష్‌ఖతీ, నోట్‌బుక్ వెనక పెన్సిల్ బొమ్మ, ఏదో ఒకటి చేసే బేటీ మన ప్రతి ఖాందాన్‌లో ఉంది. పెళ్లితో ఆ హునర్ ఆగిపోతుంది, కాగితాలు అటక మీదికి పోతాయి. పదేళ్ల తర్వాత అది ఎవరు చేశారో ఇంట్లోవాళ్లకే యాద్ ఉండదు. దీనికి గ్యాలరీ అక్కర్లేదు, డిగ్రీ అక్కర్లేదు. ఆ కాగితం తిప్పి, వెనక ఆ పిల్ల పేరు, ఊరు, తారీఖు రాసి జాగ్రత్తగా పెట్టండి. తారీఖ్ రాసేవాళ్లు రేపు వచ్చి వెతికితే ఆ పేరు దొరకాలి.