కొంగుకు నిప్పంటిన చరిత్ర

నాందేడులోని తెలుగువాళ్ల చరిత్ర అనగానే మనం మగ్గం గురించి చెప్పుకుంటాం, మిల్లు గురించి చెప్పుకుంటాం, 1956లో గీసిన సరిహద్దు గురించి చెప్పుకుంటాం. ఆ మగ్గం మీదా ఆ మిల్లులోనూ తయారైన బట్ట ఇంటికి వచ్చాక, వంటింట్లో నిప్పు పక్కన ఏమైందన్నది మాత్రం చరిత్ర లెక్కలోకి రాదు. అది ఆడవాళ్ల సంగతి, ఇంటి సంగతి, అజాగ్రత్త సంగతి అని పక్కన పెట్టేస్తాం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఆ పక్కన పెట్టిన సంగతే.

ముందు మాట దగ్గర మొదలుపెడతాను. మన ఇళ్లలో ఇలాంటి ప్రమాదం జరిగితే "కొంగంటుకుంది" అంటారు. మన మరాఠీ పొరుగువాళ్లు "పదర్ పేట్లా" అంటారు. కారణం స్టవ్వయితే మనం "స్టవ్ పేలింది" అంటాం, వాళ్లు "స్టవ్‌చా భడకా ఉడాలా" అంటారు. రెండు భాషల్లోనూ కథ అక్కడితో ఆగిపోతుంది. అది ఏం బట్ట, ఎలాంటి స్టవ్వు, నేల మీద ఉందా ఎత్తున ఉందా, గది తలుపు తీసి ఉందా వేసి ఉందా అన్న ప్రశ్నలు పుట్టవు. తర్వాత వినపడే మాట ఎప్పుడూ ఒకటే: "కాస్త చూసుకోవాల్సింది." చిన్నప్పటి నుంచీ ఈ మాట విని విని నాకొక అనుమానం మిగిలిపోయింది. ఇంతమంది ఆడవాళ్లు, ఇన్ని ఊళ్లలో, అందరూ ఒకే రకంగా అజాగ్రత్తగా ఎలా ఉంటారు?

జవాబు కోసం బట్ట దగ్గరికి వెళ్లాలి. నాందేడు పాతకాలం నుంచీ బట్టల ఊరే. సన్నని మస్లిన్‌కూ జరీ అంచు ఉత్తరీయాలకూ ఒకప్పుడు ఈ ఊరికి పేరుండేది. నిజాం హయాంలో ఉస్మాన్‌షాహీ మిల్లు వచ్చింది. జాతీయ పతాకానికి కావలసిన ఖాదీ తయారుచేసే కొద్ది సంస్థల్లో ఒకటైన మరాఠ్వాడా ఖాదీ గ్రామోద్యోగ సమితి ఈ ఊళ్లోనే ఉంది. మనవాళ్లు, ముఖ్యంగా పద్మశాలీలు, తెలంగాణ పల్లెల నుంచి షోలాపూరు, భివండీ, నాందేడు దారులు పట్టింది నూలు పని కోసమే. అయితే "వలస వచ్చారు" అన్న మాట అందరికీ వర్తించదు. కిన్వట్ తాలూకా 1956 దాకా ఆదిలాబాదు జిల్లాలోదే. ఆ ఏడే నాందేడు జిల్లాలోని బిచ్కుంద, జుక్కల్, ముధోల్, భైంసా, కుబేర్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. మనుషులు కదలకుండానే రాష్ట్రం మారింది. గీతకు ఇటువైపూ అటువైపూ కట్టిన బట్ట ఒకటే, రాజేసిన పొయ్యి ఒకటే.

ఆ పొయ్యి నేల మీద ఉండేది. పొయ్యితోపాటు కుంపటి ఉండేది. దాన్ని మరాఠీలో శేగడీ అంటారు. స్నానాల గదిలో రాగి బంబు ఉండేది. మధ్య గొట్టంలో కట్టెలూ బొగ్గులూ వేసి నీళ్లు కాచేవారు. మార్గశిరం వచ్చిందంటే వాకిట్లో చలిమంట, ఇక్కడివాళ్ల మాటలో శేకోటీ. అంటే ఇంటిల్లిపాదీ రోజంతా నిప్పు పక్కనే తిరిగేవారన్నమాట. ఒంటి మీద ఉన్నది నూలు. నూలు నిప్పును ఆపే బట్ట కాదు. మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు సుమారు 21 శాతం. నూలు మండుతూ ఉండటానికి 18 శాతం ఉంటే చాలు. ఉన్నికి 25 శాతం దాకా కావాలి. అందుకే చలిమంట ముందు గొంగడి కప్పుకుని కూర్చున్న కురుమ తాత మీద నిప్పురవ్వ పడితే కాస్త కమురు వాసన వచ్చి ఆరిపోతుంది. అదే రవ్వ పక్కనున్న మనిషి పంచె మీద పడితే పాకుతుంది.

మరి ఆ రోజుల్లో నూలు చీరలతో మన అమ్మమ్మలు ఎలా నెగ్గుకొచ్చారు? ప్రమాదాలు అప్పుడూ జరిగాయి, సందేహం లేదు. కానీ వాళ్ల చీర ముతకది, బరువైనది. బరువైన బట్ట నెమ్మదిగా అంటుకుంటుంది, నెమ్మదిగా పాకుతుంది. పైగా అది ఒంటికి పట్టి ఉండేది. కాసెపోసి కట్టినా, మరాఠీ తొమ్మిది గజాల చీరలా కచ్చ దోపినా, కుచ్చిళ్లు నిప్పు మీద జీరాడవు. పనిలోకి దిగేముందు కొంగు నడుముకు చుట్టి దోపేవారు. దాన్ని మనం పనిమంతురాలి లక్షణం అనుకున్నాం. నిజానికి అది నిప్పు ముందు బతకడానికి తరతరాలుగా నేర్చుకున్న విద్య.

ఆ విద్యను రెండు కొత్త వస్తువులు దెబ్బతీశాయి. మొదటిది కిరసనాయిలు స్టవ్వు. గాలి పంపుతో నడిచే స్టవ్వును 1892లో స్వీడన్ దేశస్థుడు లిండ్‌క్విస్ట్ తయారుచేశాడు. ఇత్తడి ట్యాంకు, మూడు కాళ్లు, భుగభుగమనే నీలిమంట. కట్టెల పొగ నుంచి ఆడవాళ్లకు అది విముక్తి ఇచ్చింది, కాదనను. కానీ కట్టెల పొయ్యికి మూడు పక్కలా మట్టి గోడ ఉండేది. ఈ మంటకు గోడ లేదు. గొట్టంలో మసి అడ్డుపడ్డా, వేడి స్టవ్వులో నూనె పోసినా, గాలి ఎక్కువ కొట్టినా మంట ఒక్కసారి పైకి లేస్తుంది. 1977లో ఇండియన్ ఆయిల్ వాళ్ల "నూతన్" వత్తుల స్టవ్వు వచ్చాక ఈ ఒత్తిడి భయం తగ్గింది గానీ, నేల మీద తెరిచిన మంట, పక్కనే నూనె డబ్బా మాత్రం పోలేదు.

రెండోది కృత్రిమ నూలు. టెరిలిన్ అనే పాలియెస్టర్ దారాన్ని 1941లో ఇంగ్లండులో కనిపెట్టారు. 1960ల తర్వాత నైలాన్ చీరలు, టెరికాటన్ చొక్కాలు మన ఇళ్లలోకి వచ్చాయి. 1982లో మన మహారాష్ట్రలోనే పాతాళ్‌గంగలో రిలయన్స్ వారి పాలియెస్టర్ కర్మాగారం మొదలైంది. 1985 జౌళి విధానం కృత్రిమ దారానికి తలుపులు బార్లా తెరిచింది. చివరికి ఖాదీకే పరిమితమనుకున్న జాతీయ పతాకాన్ని కూడా పాలియెస్టర్‌తో చేయవచ్చని 2021 డిసెంబరు 30న నియమావళి మార్చారు. ఖాదీ పతాకాల ఊరివాళ్లం కనక ఆ మార్పు మనకు తొందరగానే తెలిసింది.

ఈ బట్టను తిట్టడం నా ఉద్దేశం కాదు. ధర తక్కువ, ఉతికితే గంటలో ఆరుతుంది, ఇస్త్రీ అక్కర్లేదు. ఆడవాళ్లకు ఎన్ని గంటల చాకిరీ తప్పించిందో లెక్కలేదు. మనవాళ్లలో ఎన్నో కుటుంబాలు పవర్‌లూమ్‌ల మీద ఇదే నేసి తిన్నాయి. కానీ నేసేవాడికి దాని గుణం తెలియాలి. నైలాన్ 220 డిగ్రీల దగ్గర, పాలియెస్టర్ 260 డిగ్రీల దగ్గర కరుగుతాయి. చిన్న మంట తగిలితే ముడుచుకుని వెనక్కి తగ్గుతాయి. దీన్ని చూసి "ఇది నూలంత త్వరగా అంటుకోదు" అని ధైర్యపడేవాళ్లున్నారు. ఆ ధైర్యంలో సగమే నిజం. కరిగిన బట్ట చర్మానికి అతుక్కుని లోతుగా కాలుస్తుంది. ఇంకా ప్రమాదం నూలూ పాలియెస్టరూ కలిసినప్పుడు. మాడిన నూలు, కరిగిన పాలియెస్టర్‌ను కారిపోకుండా పట్టి ఉంచుతుంది. దీపంలో వత్తి నూనెను పట్టి ఉంచినట్టే. ఇప్పుడు మన ఆడవాళ్ల ఉడుపు చూడండి: పైన పాలియెస్టర్ చీర, లోపల నూలు లంగా. వత్తీ నూనే ఒకే ఒంటి మీద ఉన్నాయి. పైగా పలచని బట్ట, వేలాడే కొంగు, కిందనుంచి లేచే మంట. నిలువుగా వేలాడే బట్ట మీద మంట పైకి ఎంత వేగంగా పాకుతుందో, నడుం దగ్గర చూసేలోగా భుజం దాకా వస్తుంది.

ఇది మనకొక్కరికే వచ్చిన ఆపద కాదు. అమెరికా కవి లాంగ్‌ఫెలో భార్య ఫ్యానీ 1861లో దుస్తులంటుకుని చనిపోయింది. పారిస్ ఒపేరా నర్తకి ఎమ్మా లివ్రీ గౌనుకు 1862లో రిహార్సల్ సమయంలో గ్యాసు దీపం అంటుకుంది. ఎనిమిది నెలలు నరకం అనుభవించి మరుసటి ఏడు పోయింది. చోద్యమేమిటంటే, బట్ట మండకుండా చేసే మందును గే-లుసాక్ అనే శాస్త్రవేత్త అదే ఫ్రాన్సులో 1821లోనే చెప్పాడు. మందు పూసిన బట్ట బిరుసెక్కి అందం చెడుతుందని ఆమె తొడగలేదు. ఇంగ్లండులో ఉన్నికి బదులు చవకగా దొరికిన ఫ్లానలెట్ అనే నూలుబట్ట పేదల పిల్లలను కాల్చింది.

అక్కడ చట్టం నడిచిన తీరు గమనించాలి. 1908లో ఇంగ్లండులో ఒక చట్టం వచ్చింది. ఏడేళ్ల లోపు పిల్లలను కంచె లేని నిప్పుగూడు ఉన్న గదిలో వదిలి, పిల్లకు ప్రమాదం జరిగితే తల్లిదండ్రులకు జరిమానా. అంటే నేరం ఇంటివాళ్లది. 1952లో ఇంకో చట్టం వచ్చింది. గ్యాసు, కరెంటు, నూనె హీటర్లు ముందు కంచె లేకుండా అమ్మకూడదు. నేరం హీటరు చేసేవాడి మీదికి మారింది. 1964లో పిల్లల రాత్రి దుస్తుల బట్ట మీద నియమాలు వచ్చాయి. బట్ట చేసేవాడి వంతు వచ్చింది. అమెరికాలో అప్పటికే 1953లో, అగ్గిపుల్ల తగిలితే భగ్గుమనే రేయాన్ స్వెట్టర్ల దరిమిలా, మండే బట్టల చట్టం చేశారు. "తల్లి చూసుకోలేదు" అన్నచోట మొదలై "బట్ట ఎవరు చేశారు" అన్నచోటికి రావడానికి వాళ్లకు దాదాపు అరవై ఏళ్లు పట్టింది. మనం ఇంకా మొదటి మాట దగ్గరే ఉన్నాం.

ఆ మాట దగ్గర ఆగిపోవడం వల్ల ఇంకో అన్యాయం జరిగింది. నిజంగా కొంగంటుకున్న ప్రమాదమూ, కిరసనాయిలు పోసి తగలబెట్టిన హత్యా, బతకలేక చేసుకున్న ఆత్మహత్యా, మూడూ "స్టవ్ పేలింది" అనే ఒకే దుప్పటి కింద దాక్కున్నాయి. 1983లో 498ఎ, 1986లో వరకట్న మరణాల మీద 304బి శిక్షాస్మృతిలో చేరాయి. ఇవాళ ఆ రెండోది భారతీయ న్యాయ సంహితలో 80వ సెక్షన్. 2009లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, 2001 ఒక్క ఏడాదిలో మన దేశంలో నిప్పు వల్ల 1,63,000 మందికి పైగా చనిపోయారని అంచనా వేసింది. పోలీసు లెక్కకు అది ఆరు రెట్లు. అందులో సుమారు 1,06,000 మంది స్త్రీలు, ఎక్కువమంది 15 నుంచి 34 ఏళ్ల లోపువాళ్లు. వంట ముసలమ్మలూ చేస్తారు, పిల్లలూ నిప్పు దగ్గర ఆడతారు. కొత్త కోడలి వయసే ఎందుకు ఎక్కువ కాలుతుందన్న ప్రశ్నకు "అజాగ్రత్త" అన్నది జవాబు కాదు. ఏ బట్ట ఎక్కడ నుంచి ఎక్కడికి కాలిందని మొదటే అడిగే అలవాటు ఉంటే, ప్రమాదమేదో ఘాతుకమేదో తేల్చడానికి అదొక దారి అయ్యేది. బట్ట కూడా సాక్షే.

గ్యాసు వచ్చాక మార్పు వచ్చింది. సరిహద్దుకు అటువైపు 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల పథకం పేద ఇళ్లకు సిలిండరు తెచ్చాయి. మంట నేల మీదనుంచి గట్టు మీదికి, మన ఊరి మాటలో ఓటా మీదికి లేచింది. నేల మీద కుచ్చిళ్లకు ఉన్న భయం తగ్గింది. ఇప్పుడు మంట పొట్ట ఎత్తున ఉంది. వెనక బర్నరు మీది గిన్నె అందుకోబోతే కొంగో, చున్నీయో, నైటీ చేతులో ముందు బర్నరు మీద వాలుతాయి. దీపావళికి దీపాల వరస పక్కన పిల్లలకు తొడిగే మెరుపు గౌన్లు సరేసరి. భారతదేశంలో ఏటా పది లక్షల మందికి పైగా ఓ మోస్తరుగానో తీవ్రంగానో కాలిన గాయాల పాలవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. కథ ముగియలేదు.

కాబట్టి చరిత్రతో పాటు నాలుగు పనికొచ్చే మాటలు చెప్పడం నా బాధ్యత. వంట దగ్గర నూలు బట్ట, ఒంటికి పట్టేది, కాస్త మందంగా ఉన్నది మేలు. కొంగు దోపండి, చున్నీ తీసి పక్కన పెట్టండి. దేవుడి దీపం కొంగు తగలని ఎత్తున ఉండాలి. బట్టలంటుకుంటే పరుగెత్తకూడదు. గాలి తగిలి మంట పెరుగుతుంది. వెంటనే కింద పడుకుని దొర్లాలి. పక్కవాళ్లు గొంగడి గానీ మందపాటి నూలు దుప్పటి గానీ కప్పాలి. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉండే మెత్తని పాలియెస్టర్ రగ్గు దీనికి పనికిరాదు, అదే కరుగుతుంది. మంట ఆరాక కాలినచోట ఇరవై నిమిషాలు మామూలు చల్లని నీళ్లు పారనివ్వాలి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీయాలి. చర్మానికి అతుక్కున్న బట్టను లాగకూడదు. సిరా, టూత్‌పేస్టు, పసుపు పూయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇవన్నీ మళ్లీ ఆడవాళ్లకే చెబుతున్న జాగ్రత్తలు కదా అని మీరడగవచ్చు. నిజమే. అందుకే చివరి మాట మగ్గం మీదా మిల్లులోనూ దుకాణంలోనూ ఉన్న మనవాళ్లకు. రంగు పోదని హామీ ఇస్తాం, కుంచించుకుపోదని హామీ ఇస్తాం. ఎలా ఉతకాలో చీటీ కుట్టి మరీ అమ్ముతాం. "ఇది మంట దగ్గర కట్టవద్దు" అన్న ఒక్క వాక్యం, తెలుగులోనో మరాఠీలోనో, నేను కొన్న ఏ చీర మీదా చూడలేదు. నేతపని మన కులవిద్య అని గర్వంగా చెప్పుకునే మనం ఆ వాక్యం రాయడం మొదలుపెట్టాలి. ఈసారి మన వాడలో ఎవరి ఇంట్లోనైనా ఇలాంటిది జరిగితే, "ఎలా చూసుకోలేదు?" అనే ముందు, "ఏం బట్ట కట్టుకుంది? గదిలో ఎవరున్నారు?" అని అడగండి.