ధనబోడు స్తంభాలు

కృష్ణామండలపు పందొమ్మిదవ శతాబ్ది చరిత్ర చెప్పవలసి వచ్చినప్పుడు ఎవరైనను మొదట బెజవాడ ఆనకట్టను తలచుకొంటారు. అది సహజమే. 1855లో ఆనకట్ట పూర్తి అయిన పిమ్మట కృష్ణ నీరు కాలువలలోకి మళ్ళి డెల్టా రూపమే మారిపోయినది. అయితే నీరు పల్లానికి పారునుగాని మెట్టకు ఎక్కదు. బెజవాడకు ఉత్తరంగా కొండపల్లి కొండల వైపున ఉన్న జి.కొండూరు మొదలుకొని పడమరగా నందిగామ, జగ్గయ్యపేటల వరకు వ్యాపించిన ఎగువ నేలకు ఆ ఆనకట్ట కాలువలు అందలేదు. చెరువులను, వాగులను, వానలను నమ్ముకొని అక్కడి సేద్యం సాగినది. అందుచేత ఆ శతాబ్ది చరిత్రలో ఈ మెట్టసీమకు చెప్పుకొనదగినది లేదని అనుకొనేవారున్నారు. ఆంధ్రదేశాన్ని ఏలిన ఒక రాజవంశం పేరు సుమారు పదహారు వందల సంవత్సరాల మరపు నుండి బయటపడినది ఈ నేలమీదనే. ఆ సంవత్సరం 1882.

ఈ కథకు ఆరంభం మాత్రం జగ్గయ్యపేటలో లేదు. కృష్ణకు ఆవలి ఒడ్డున అమరావతిలో ఉన్నది. రెండు ఊళ్ళకును సంబంధించిన వ్యక్తి ఒకడే. అతడు రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు. బేతవోలు అనే గ్రామం దగ్గర పేటను కట్టించి, తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టినది ఆయనే. పద్దెనిమిదవ శతాబ్ది చివరి సంవత్సరాలలో ఆయన తన నివాసాన్ని చింతపల్లి నుండి అమరావతికి మార్చుకొని అక్కడ కొత్త పట్టణం నిర్మించ పూనుకొన్నాడు. పట్టణానికి రాయి కావలెను. ప్రజలు దీపాలదిన్నె అని పిలిచే మట్టిదిబ్బలో చక్కగా చెక్కిన పలకలు దొరికినవి. దిబ్బను తవ్వినారు, పలకలు కట్టడాలకు పోయినవి, కొన్ని శివగంగ చెరువు మెట్లైనవి. ఇందుకు నాయుడుగారిని ఒక్కరినే నిందించి ప్రయోజనం లేదు. ఆ రాళ్ళమీది అక్షరాలను చదవగలవాడు ఆనాడు ఆంధ్రదేశంలోనే కాదు, ప్రపంచంలోనే లేడు. చదవరాని అక్షరం చూచేవానికి గీత మాత్రమే.

ఈ సంగతి విని కర్నల్ కాలిన్ మెకంజీ అమరావతికి వచ్చినాడు. ఆయన భూమిని కొలిచే సర్వేయరు. 1815లో ఇండియాకంతకును సర్వేయర్ జనరల్ అయినాడు. కొలతగొలుసుతోపాటు తాటాకు గ్రంథాలమీద, శాసనాలమీద, ఊరి పెద్దలు చెప్పే కైఫీయతుల మీద కూడ ఆయనకు మక్కువ. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య అనే తెలుగు సోదరులు ఆయనకు కుడిభుజాలు. పల్లెపల్లె తిరిగి వారు సేకరించిన సామగ్రి లేకుంటే మెకంజీ పేరు ఇంతటి పేరు అయి ఉండేది కాదు. 1816లో మెకంజీ తిరిగి అమరావతికి వచ్చి తన చిత్రకారులచేత శిల్పాల బొమ్మలు గీయించినాడు. ఆ పని తరువాత రెండు మూడేండ్లు సాగినది. బొమ్మలు గీసిన రాళ్ళలో కొన్ని ఆ తరువాత మాయమైనవి. వాటికి బొమ్మలే మిగిలినవి. వెంకటాద్రినాయుడు 1816లోను, మెకంజీ 1821లోను కీర్తిశేషులైనారు. అక్షరాలు మాత్రం ఇంకను మూగవే.

వాటికి నోరు వచ్చినది 1837లో, కలకత్తాలో. జేమ్స్ ప్రిన్సెప్ అక్కడి టంకశాలలో లోహపు నాణ్యతను పరీక్షించే ఉద్యోగి. సాంచీ స్తూపపు రాతి కంచె మీద చెక్కిన చిన్న చిన్న శాసనాల నకళ్ళు ఆయన ముందున్నవి. దాదాపు అన్నియు ఒకే రెండు అక్షరాలతో ముగియడం ఆయన గమనించినాడు. ఒక కట్టడంలో ఇందరు వేరువేరు మనుష్యులు చివర ఒకే మాట ఎందుకు చెక్కిస్తారు? ఇచ్చినవాని పేరు చెప్పి ‘దానం’ అని ముగించి ఉండవలెను. ఆ ఊహతో ద, న అనే రెండక్షరాలు తేలినవి. తక్కిన అక్షరాలు ఒకదాని వెంట ఒకటి లొంగినవి. బ్రాహ్మీలిపి ఈ విధంగా చదువరులకు స్వాధీనమైనది. గుడిలో దీపస్తంభం మీద, గంట మీద దాతల పేర్లు చదివి అలవాటైన తెలుగువానికి ఈ యుక్తి వింతగా తోచదు.

చదవడం వచ్చినంత మాత్రాన రాళ్ళ కష్టాలు తీరలేదు. 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించిన పలకలు మద్రాసుకు, అక్కడి నుండి లండనుకు పోయినవి. 1877లో రాబర్ట్ సెవెల్ మరికొంత తవ్వినాడు. 1880లో గవర్నరు ఉత్తరువు ప్రకారం దిబ్బను మొత్తంగా తవ్వి శుభ్రం చేసినారు. జేమ్స్ బర్జెస్ 1881 చివర అక్కడికి చేరేసరికి ఆయనకు కనబడినది స్తూపం కాదు, పెద్ద గొయ్యి. ఏ పలక ఏ దిక్కున ఏ వరుసలో ఉండినదో చెప్పగల మట్టిపొరలు పోయినవి. తవ్వకం వేరు, పరిశోధన వేరు అనే భేదం పాలకులకు ఇంకను పట్టుబడలేదు.

బర్జెస్ స్కాట్లండు దేశీయుడు. 1855లో గణితోపాధ్యాయుడుగా కలకత్తాకు వచ్చి, తరువాత బొంబాయి చేరి, పురాతన కట్టడాలను కొలవడంలో పడి గణితాన్ని అటు మళ్ళించినాడు. శాసనాల ప్రకటన కొరకు 1872లో ‘ఇండియన్ ఆంటిక్వరీ’ అనే పత్రికను స్థాపించినాడు. అమరావతిలో ఆశాభంగం పొందిన ఆయన 1882లో నది దాటి జగ్గయ్యపేట చేరినాడు. 1859లో గుంటూరు, మచిలీపట్నం జిల్లాలను కలిపినందువలన ఆనాడు రెండు ఊళ్ళును కృష్ణాజిల్లాలోనివే.

జగ్గయ్యపేట చేరువలోని చిన్న కొండను ప్రజలు ధనబోడు అంటారు. బోడు అనగా తిప్ప. ధనపు తిప్ప అన్నమాట. నిధి ఉన్నదనే ఆశ ఇటువంటి పేర్లను పుట్టిస్తుంది, ఆ ఆశే దిబ్బలను తవ్విస్తుంది. ఇక్కడ కూడ చాలా పలకలు అప్పటికే తరలిపోయినవి. అయినను స్తూపపు అడుగు వలయం నిలిచి ఉన్నది. దాని వ్యాసం సుమారు 30 అడుగులు మాత్రమే. అమరావతితో పోల్చితే చిన్న కట్టడం. బర్జెస్ దాని నేలపటం కొలిచి గీయించినాడు. దొరికిన పలకలలో ఒకటి చక్రవర్తి మాంధాతది. ఆయన చుట్టును చక్రం, ఏనుగు, గుఱ్ఱం మొదలైన సప్తరత్నాలు. ఆయన చేయెత్తగా మబ్బులనుండి చదరపు నాణెములు వానవలె రాలుతూ ఉంటవి. క్రీస్తుకు పూర్వపు పని అది. ఇప్పుడు మద్రాసు మ్యూజియంలో ఉన్నది. వానకై ఆకాశం వంక చూచే మెట్టసీమలో శిల్పి నాణెముల వాన చెక్కినాడని నవ్వుకొనవచ్చును.

కాని నిజమైన ధనం శిల్పంలో లేదు, స్తంభాలలో ఉన్నది. ఆంధ్రదేశపు స్తూపాలకు నాలుగు దిక్కులను ముందుకు పొడుచుకొని వచ్చిన అరుగులుంటవి. ఒక్కొక్క అరుగుమీద ఐదేసి స్తంభాలు నిలుపుతారు. వీటిని ఆయకస్తంభాలంటారు. బుద్ధుని జననం, ఇల్లు విడుచుట, బోధి, మొదటి ఉపదేశం, నిర్యాణం అనే ఐదు ఘట్టాలకు ఇవి గుర్తులని పండితులు వివరిస్తారు. ధనబోడు వద్ద మూడు స్తంభాలమీద ఇంచుమించు ఒకే మాటలతో శాసనం కనబడినది. ఒకదానిలో చెదరిన అక్షరాన్ని మరొకదానితో సరిచూచుకొనే అవకాశం శాసనకారులకు అరుదుగా దొరుకుతుంది.

శాసనాన్ని చూచి చేతితో రాసుకొంటే తప్పులు దొర్లుతవి. రాసేవాడు తనకు తెలిసిన అక్షరాన్నే చూస్తాడు. అందుచేత ముద్ర తీసే పద్ధతి వచ్చినది. రాతిని కడిగి, తడిపిన కాగితాన్ని పరచి, గట్టి కుచ్చుతో కొడితే కాగితం అక్షరాల పల్లాలలోకి దిగుతుంది. తరువాత సిరా అద్దిన గుడ్డబంతితో పైన తట్టితే రాతి మట్టం నల్లబడి అక్షరాలు తెల్లగా మిగులుతవి. ఆ కాగితాన్ని చుట్టచుట్టి ఏ దేశానికైనను పంపవచ్చును. జగ్గయ్యపేట శాసనాలను చదివి 1882లోనే ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో ప్రకటించిన గేఆర్గ్ బ్యూలర్ అప్పటికి వియన్నా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. రాయి కృష్ణాతీరంలో ఉండగా చదువు యూరపులో జరిగినది.

శాసనం భాష ప్రాకృతం. దాని సారమిది: మాఠరీపుత్రుడు, ఇక్ష్వాకులవాడు అయిన శ్రీవీరపురుషదత్త మహారాజు ఇరువదవ సంవత్సరంలో, వర్షాకాలపు ఎనిమిదవ పక్షంలో, పదవ దినాన, కమ్మాకరాష్ట్రంలోని నడతూరు గ్రామపు ఆవేసని నాగచంద్రుని కుమారుడు, మహాకాండురూరు గ్రామవాసి, ఆవేసని సిద్ధార్థుడు తన తల్లి నాగిలనిని ముందుంచుకొని, భార్య, కొడుకు, కూతురు, తమ్ముడు, తమ్ముని భార్య, వారి బిడ్డలు, చుట్టాలు, స్నేహితులతో కూడ, వెలగిరి గ్రామంలో భగవాన్ బుద్ధుని మహాచైత్యపు తూర్పు ద్వారాన ఐదు ఆయకస్తంభాలను సమస్త ప్రాణుల హితసుఖాల కొరకు నిలిపినాడు.

ఆవేసని అనగా పనివారికి పెద్ద, మేస్త్రి వంటివాడు. సాంచీ దక్షిణ తోరణం మీద కూడ శాతకర్ణి రాజుగారి ఆవేసని ఒకడు తన పేరు చెక్కించుకొన్నాడు. కనుక ఇది మహారాజు వేయించిన శాసనం కాదు. తండ్రి నుండి వృత్తి నేర్చిన పనివాడు తన ఇంటిల్లిపాది పేరును రాతికి ఎక్కించినాడు. తేదీ చెప్పవలసి వచ్చి రాజును పేర్కొన్నాడు, అంతే. ఆ ఒక్క మాటవలన రాజు బ్రతికినాడు. ఏడాదిని మూడు ఋతువులుగా, ఒక్కొక్క ఋతువును ఎనిమిది పక్షాలుగా లెక్కించే పాత పద్ధతిని అనుసరించి చూస్తే ఆ దినం వానకాలపు చివరి పక్షంలోనిది.

1882కు ముందు ఇక్ష్వాకులనగానే రామాయణం జ్ఞప్తికి వచ్చేది, అయోధ్య జ్ఞప్తికి వచ్చేది. కృష్ణాతీరంలో ఆ పేరు పెట్టుకొని ఏలిన రాజులున్నారని ఏ కైఫీయతు చెప్పలేదు. శాసనంలో శకం లేదు, రాజు పాలించిన సంవత్సరమే ఉన్నది. మరి కాలం ఎట్లు తేలును? అక్షరాల తీరునుబట్టి. బ్రాహ్మీలిపి శతాబ్దానికి కొంతగా రూపు మార్చుకొన్నది. జగ్గయ్యపేట స్తంభాలమీద నిలువు గీతలు కిందికి పొడుగుగా సాగి వంపు తిరుగుతవి. గుడి గుర్తులు తీగవలె పైకి లేస్తవి. ఈ సోకు శాతవాహనుల నాటి శాసనాలలో ఇంతగా లేదు. పల్లవుల తొలి తామ్రశాసనాల అక్షరాలు మరొక తీరువి. కనుక శాతవాహనులకు పిమ్మట, పల్లవులకు ముందు. నేటి చరిత్రకారులు వీరపురుషదత్తుని క్రీస్తుశకం మూడవ శతాబ్దిలో ఉంచుతారు.

అదే చోట మరొక చిన్న శాసనం కూడ దొరికినది. భదంత నాగార్జునాచార్యుని శిష్యుడు జయప్రభాచార్యుడు, అతని శిష్యుడు చంద్రప్రభుడు. ఈ చంద్రప్రభుడు బుద్ధప్రతిమను నిలిపినాడు. లిపినిబట్టి ఇది వీరపురుషదత్తునికి కొన్ని శతాబ్దాల తరువాతిది. ధనబోడు స్తూపం ఎంతకాలం పూజలందుకొన్నదో ఇందువలన తెలియవచ్చినది.

జి.కొండూరు వాసులు శాసనంలోని మహాకాండురూరు అనే పేరు చూచి ఒక్క నిమిషం ఆగుతారు. చెవికి దగ్గరగా ఉన్నది నిజమే. అయినను పేర్ల పోలిక ఒక్కటే ఊరిని నిరూపించదు. ఆంధ్రదేశంలో కొండూరులు, కందూరులు ఎన్నియో ఉన్నవి. మధ్యకాలపు శాసనాలలో పేరు మారుతూ వచ్చిన వరుస దొరికితేగాని అటువంటి నిర్ణయం నిలువదు. ఊరి అభిమానం మంచిదేగాని అది ముద్రకాగితం మీదికి ఎక్కరాదు.

బర్జెస్ 1887లో అమరావతి, జగ్గయ్యపేట స్తూపాలను గురించిన గ్రంథాన్ని పటాలతో ప్రకటించినాడు. ఆ తరువాత దాదాపు నలుబది ఏండ్లు వీరపురుషదత్తుడు ఒంటరి రాజుగానే ఉండిపోయినాడు. ఆయన తండ్రి ఎవరో, కొడుకు ఎవరో, రాజధాని ఏదో ఎవరికిని తెలియదు. కొందరికి పురాణాలలోని శ్రీపార్వతీయులు జ్ఞప్తికి వచ్చినను ముడి వేయడానికి ఆధారం లేదు. 1926లో పల్నాటి సీమలో నాగార్జునకొండ లోయ బయటపడినది. అక్కడి ఆయకస్తంభాలమీద అదే పేరు, అదే పొడుగు గీతల లిపి. తండ్రి శాంతమూలుడు, కొడుకు ఎహువుల శాంతమూలుడు, మనుమడు రుద్రపురుషదత్తుడు వరుసగా కనబడినారు. రాజధాని విజయపురి. తన తరుగని దానాలతో అక్కడ మహాచైత్యాన్ని నిలిపిన శాంతిసిరి ఆ రాజుకు మేనత్త. పలకలను చూచినవెంటనే చదువరులు రాజును గుర్తుపట్టగలిగినారు. ఎందుకనగా మహాకాండురూరు మేస్త్రి సిద్ధార్థుడు ఆయనను ముందే పరిచయం చేసి ఉంచినాడు.