బున్ చా కా: రేవు పట్టణాల చేప నూడుల్స్

మధ్య వియత్నాం కోస్తాలో పొద్దున్నే పొయ్యి మీద మరిగేది చేప తలకాయలు, ముళ్ల రసం. అందులో సన్నని బియ్యపు నూడుల్స్ వేసి, పైన వేయించిన చేప బిళ్లలు పేరుస్తారు. పేరు బున్ చా కా. దా నాంగ్, కుయ్ న్యోన్, న్యా ట్రాంగ్ మూడూ రేవు పట్టణాలే, మూడు చోట్లా మూడు రుచులు.

ఈ తీరం శతాబ్దాల పాటు చామ్ జాతి వారిది. వాళ్ల చంపా రాజ్యం సంస్కృతంలో శాసనాలు చెక్కించింది, శివుణ్ణి కొలిచింది. కుయ్ న్యోన్ దగ్గర ఉన్న రాజధాని పేరు విజయ. న్యా ట్రాంగ్ సీమను కౌఠార అనేవారు. అక్కడి పో నగర్ అమ్మవారి గుళ్లలో ఇప్పటికీ పూజలు జరుగుతున్నాయి. 1471లో ఉత్తరాది వియత్నాం రాజు లె థాన్ తోంగ్ విజయను పడగొట్టాడు. 1653లో కౌఠార కూడా న్గుయెన్ అనే వియత్నాం ప్రభువుల వశమైంది. సైన్యాల వెనకే రైతు కుటుంబాలు దక్షిణానికి తరలివచ్చాయి.

వరి చామ్‌లకు కొత్త కాదు. త్వరగా కోతకొచ్చే చంపా వరి 11వ శతాబ్దంలోనే చైనా పొలాలకు చేరింది. వలస వచ్చినవాళ్లకు నూడుల్స్ అలవాటు. బియ్యం నానబెట్టి, రుబ్బి, కాస్త పులియనిచ్చి, మనం జంతికలు వత్తినట్టు చిల్లుల అచ్చులోంచి మరిగే నీళ్లలోకి వత్తుతారు. గెలిచినవారి నూడుల్స్, ఓడినవారి సముద్రం ఒకే గిన్నెలో చేరాయి. ఈ వంటకం గురించి చెప్పేటప్పుడు చామ్‌లను తలవకపోవడం అన్యాయం.

ఇది రాజధాని హుయేలోని రాజుల వంటశాలలో పుట్టింది కాదు, జాలరి ఇళ్లది. అందుకే ఇందులో ఏదీ వృథా పోదు. వంజరం లాంటి మంచి చేపను ముక్కలుగా కోస్తారు. ముళ్లు ఎక్కువై తినడానికి తిప్పలు పెట్టే రకాల నుంచి కండను గీకి బిళ్లల కోసం ముద్ద చేస్తారు. తలలూ ముళ్లూ రసంలోకి పోతాయి. ఉప్పదనం నెత్తళ్లను నెలల తరబడి ఊరబెట్టి తీసిన నువోక్ మామ్‌ది.

అసలు పనితనమంతా ఆ ముద్దలోనే ఉంది. చేప కండకు ఉప్పు తగిలితే మయోసిన్ అనే ప్రొటీన్ కరిగి బయటికి వస్తుంది. రోట్లో దంచేకొద్దీ అది జిగురుగా అల్లుకుంటుంది, వేడి తగలగానే బిగుస్తుంది. బిళ్లను కొరికితే సాగి తెగడానికి కారణం అదే. పిండి కలిపి ఆ సాగుడు తెప్పించాలని చూస్తే నాలుక ఇట్టే పట్టేస్తుంది. చేప నిల్వదైతే ఎంత దంచినా ముద్ద కూడదు. మామూలుగా గడ్డకట్టించినా ఆ ప్రొటీన్ దెబ్బతింటుంది. ఐస్ పెట్టెలు, మరలు రాని కాలంలో ఈ వంటకం రేవును వదిలి దూరం పోలేకపోయింది అందుకే.

రసానికి పులుపునిచ్చే టమాటా, అనాస, పక్కన కొరుక్కునే మిరపకాయ మూడూ అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి వచ్చినవి. దా నాంగ్‌లో వేసే గుమ్మడికాయ కూడా అక్కడిదే. ఆ ఊళ్లో వెదురు చిగుళ్లు, క్యాబేజీ కూడా పడతాయి కనుక రసం తియ్యగా, చిక్కగా ఉంటుంది. కుయ్ న్యోన్ రసం తేటది, అక్కడ బిళ్లదే పెత్తనం.

న్యా ట్రాంగ్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి జెల్లీఫిష్ కలిపారు. దాన్ని బున్ సువా అంటారు. దాదాపు నీరే అయిన ఆ జీవికి సొంత రుచి తక్కువ, పంటి కింద కరకర మాత్రం గొప్పది. ఎక్కువ ఉడికిస్తే కుంచించుకుపోతుంది కాబట్టి చివర్లో గిన్నెలోనే వేస్తారు.

హో చి మిన్ నగరంలో స్థిరపడిన కుయ్ న్యోన్ వాళ్లు ఈ గిన్నెను అక్కడికీ తీసుకెళ్లారు. సొంతూరి బిళ్లే కావాలని పట్టుబట్టే దుకాణాలు దాన్ని ఐస్‌లో పెట్టించి బస్సుల మీద తెప్పించుకుంటాయి. నగరంలో బోర్డుల మీద వంటకం పేరు పక్కనే ఊరి పేరు కూడా రాస్తారు.