వేమవరం రాళ్లలోని తీరవనం

గుంటూరు చెంతనున్న నల్లపాడు రేగడిని చూచిన విద్యార్థి, ఇంత నల్లని మన్ను ఏ అడవి కుళ్లి ఏర్పడినదని అడుగవచ్చును. ప్రశ్న మంచిదే. కాని నలుపంతా కుళ్లిన ఆకు కాదు. రేగడి వానకు నీరు పట్టి, వేసవిలో బీటలు వారుతుంది. ఎండకు, గాలికి ఆకు అలము క్షయించిపోతుంది. అందులో మిగిలే వృక్షపదార్థం బహు తక్కువ.

వృక్షశేషాలతోనే ఏర్పడే నేలను పీట్ అంటారు. ఏడాది పొడుగునా నీరు నిలిచి గాలి చొరని చోట, రాలిన ఆకు పూర్తిగా కుళ్లక పొరలుగా పేరుకొంటుంది. కెనడా, అలాస్కాల పసిఫిక్ తీరంలో ఇట్టి నేలపై ఒక జాతి పైన్ చెట్లు గిడసబారి పెరుగుతున్నవి. వాటి క్రింద స్ఫాగ్నం అనే నాచు దూదివలె నీటిని పట్టి ఉంచుతుంది. మన సింగరేణి బొగ్గు కూడా ఒకనాటి పీటే. 25 కోట్ల ఏండ్లకు పైబడిన ఆ చిత్తడిలో గ్లాసాప్టెరిస్ చెట్లు ముఖ్యమైనవి.

మరి పైన్‌వలె శంకువులు కాచే కోనిఫర్లు మన తీరంలో ఎన్నడైనా ఉండేవా? ఉండేవి. ఆ సాక్ష్యం నల్లపాడుకు దక్షిణాన, ఒంగోలు పరిసరాలలో ఉన్నది. భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఆ తీరాన్ని పరిశీలించి 1879లో వివరాలు ప్రకటించాడు. క్రింద బూదవాడ ఇసుకరాయి, నడుమ వేమవరం షేలు, పైన పావులూరు ఇసుకరాయి అని మూడు అంతస్తులు గుర్తించాడు. షేలు అనగా బురద గట్టిపడి ఏర్పడిన పలుచని పొరల రాయి.

అదే ఏట ఒట్టోకార్ ఫైస్ట్‌మాంటెల్ ఈ తీరపు రాళ్లలోని ఆకుముద్రలను వర్ణించాడు. సైకాస్‌ను పోలిన టైలోఫిల్లం, ఫెర్నులు, కోనిఫర్ల కొమ్మలు, అరౌకేరియాను పోలిన శంకు పొలుసులు వాటిలో ఉన్నవి. ప్రత్తి, మిరపలు చేరిన పుష్పించే మొక్కల వర్గం ఆ పట్టికలో లేదు.

ఈ వనం ఏనాటిది? ఇక్కడ చిక్కు వచ్చినది. ఆకులు నేటి ఝార్ఖండ్‌లోని రాజమహల్ కొండల శిలాజాలను పోలి ఉన్నవి. వాటిని జురాసిక్ యుగానివని తలచుటచే, వేమవరానికీ ఆ వయస్సే కట్టారు. కాని అదే షేలులో అమ్మోనైట్లు, అనగా చుట్టగా తిరిగిన గుల్లలు గల సముద్రజీవుల శిలాజాలు, దొరికినవి. ఇవి త్వరత్వరగా రూపు మార్చుకొన్న జీవులు. కాలనిర్ణయానికి మిక్కిలి నమ్మదగినవి. వాటిని బట్టి ఈ పొరలు తొలి క్రెటేషియస్ నాటివని, అనగా సుమారు 12, 13 కోట్ల ఏండ్లవని తేలినది. తరువాత రాజమహల్ లావా కూడా సుమారు 11.7 కోట్ల ఏండ్లదని నిర్ణయమైనది. కాబట్టి ఆకుల పోలిక తప్పు కాదు; ఆ పోలికకు కట్టిన వయస్సే తప్పు.

అమ్మోనైట్ల ప్రక్కనే ఆకులుండుటకు కారణమేమి? అప్పుడు అంటార్కిటికా భాగం నుండి భారత భూభాగం విడివడి, నడుమ సముద్రం చొచ్చుకు వస్తున్నది. సమీపపు నేల మీది ఆకులు ఏటినీటితో కొట్టుకువచ్చి సముద్రపు బురదలో పడినవి. అందువల్ల సింగరేణిలోవలె ఇక్కడ బొగ్గు పొర ఏర్పడలేదు.

ఈ పాఠం చెప్పేటప్పుడు ఉపాధ్యాయులు ఒక సంగతి స్పష్టం చేయవలెను. వేమవరం ఆకు చెట్టు జాతిని చెబుతుంది. ప్రక్కనున్న గుల్ల కాలాన్ని చెబుతుంది. ఆ చెట్టు చిత్తడిలో నిలిచినదో, మెట్టలో నిలిచినదో ఈ రెండూ చెప్పవు.