కాఫీతో బొమ్మ సరే, కాపీరైట్ సంగతేంటి?

రంగులకు బదులు కాఫీ డికాక్షన్‌తో బొమ్మలు గీయడమే కాఫీ పెయింటింగ్. 2009లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 3,604 కప్పుల కాఫీని వరుసగా పేర్చి మోనాలిసాను తయారు చేశారు. ఒక్కో కప్పులో పాలు ఎక్కువ తక్కువలు చేయడంతోనే వెలుగు నీడలు వచ్చాయి. ఇంట్లో గీసేవాళ్లు మాత్రం పాలు, చక్కెర అస్సలు కలపొద్దు. చీమలు పడతాయి, బూజు వస్తుంది.

ఇన్‌స్టంట్ కాఫీ పొడి, నీళ్లు, కుంచె, మందపాటి వాటర్ కలర్ పేపరు ఉంటే చాలు. మూడు నాలుగు గిన్నెల్లో పలుచన నుంచి చిక్కన దాకా కలిపి పెట్టుకోవాలి. ముందు పలుచటి పూత వేసి, అది పూర్తిగా ఆరాకే దాని మీద ఇంకోటి వేయాలి. తొందరపడితే కింది పూత కూడా కరిగి వచ్చేస్తుంది, ఎందుకంటే ఆరిన కాఫీ నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. తెల్లగా ఉండాల్సిన చోట కాగితాన్ని అలాగే వదిలేయాలి. మోనాలిసా లాంటి గోధుమ ఛాయల చిత్రాలు కాఫీకి బాగా కుదురుతాయి. రంగులే ప్రాణమైన బతుకమ్మ బొమ్మ అంతగా కుదరదు.

కాఫీ మనకు వచ్చిన కథ కూడా చిత్రమే. 17వ శతాబ్దంలో బాబా బుడన్ హజ్ నుంచి తిరిగి వస్తూ యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటారని చెబుతారు.

వంటింటి సరుకుతో బొమ్మలు వేయడం సిద్దిపేట జిల్లాకు కొత్తేం కాదు. చేర్యాల నకాషీ కళాకారులు చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసిన ఖద్దరు బట్ట మీదే కథల పటాలు గీస్తారు. ఆ నకాషీ ఒరవడిని తన చిత్రాల్లోకి తెచ్చుకున్న కాపు రాజయ్య (1925-2012) సిద్దిపేట వారే.

మన పిల్లలు ఆయన బొమ్మను కాఫీతో గీస్తే? నేర్చుకోవడానికి ఇంట్లో గీసుకుంటే ఇబ్బంది లేదు. అమ్మకానికి పెడితే చిక్కు. మన దేశ చట్టం ప్రకారం చిత్రకారుడు చనిపోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. అంటే రాజయ్య చిత్రాలకు 2072 చివరి దాకా, 2011లో చనిపోయిన ఎం.ఎఫ్. హుస్సేన్ చిత్రాలకు 2071 చివరి దాకా. రంగు మార్చి కాఫీతో గీశాం కదా అంటే కుదరదు, హక్కుదారుల అనుమతి కావాల్సిందే. 1519లో పోయిన లియొనార్డో, 1906లో పోయిన రాజా రవివర్మల చిత్రాలకు ఈ గొడవ లేదు. ఆర్డర్లు తీసుకుని నాలుగు రూపాయలు సంపాదించాలనుకునేవాళ్లు వీళ్లతో మొదలుపెట్టడమే మేలు. బొమ్మ కింద అసలు చిత్రకారుడి పేరు కూడా రాయాలి.

కొనేవాళ్లకు ఇంకో మాట కూడా ముందే చెప్పేయాలి. కాఫీ రంగు ఎండకు వెలుస్తుంది. స్ప్రే వార్నిష్ కొట్టి, అద్దం ఫ్రేములో పెట్టి, ఎండ పడని గోడకు తగిలించుకోమనండి. నీళ్లతో కలిపే వార్నిష్‌ను కుంచెతో పూస్తే మాత్రం బొమ్మ చెదిరిపోతుంది.