ప్రశ్నయు జవాబును – మన్యసీమ చరిత్ర నుండి కొన్ని ఉదాహరణములు

వనవాసమున నున్న పాండవులు దాహార్తులై ఒక కొలను కడకు పోయిరి. అచ్చట నొక యక్షుడు తన ప్రశ్నలకు బదులు చెప్పిన పిమ్మటనే నీరు త్రాగవలెనని నిషేధించెను. ఆ మాటను లెక్క సేయక నీట దిగిన నలుగురు తమ్ములును ఒడ్డున కూలిరి. ధర్మరాజు ఒక్కడే నిలిచి, ఓర్పుతో విని, ఆలోచించి జవాబులు చెప్పెను. అరణ్యపర్వమునందలి ఈ కథను ఎఱ్ఱాప్రగడ తెనిగించిన భాగమున తెలుగువారు తరతరములుగా చదువుకొనుచున్నారు. అచ్చట ప్రశ్న వినోదము కాదు. జవాబుపై నాలుగు ప్రాణములు ఆధారపడి యుండెను.

ప్రశ్నించి బదులు రాబట్టు వేడుక తెలుగునాట పండితులకు మాత్రమే చెందినది కాదు. రాత్రి భోజనములైన పిదప అవ్వ పొడుపు కథ వేయగా మనుమలు విప్పలేక తికమక పడుట ప్రతి ఇంటను ఉండిన ముచ్చటయే. పండితసభలలో ఇదే వేడుక అవధానముగా పెరిగినది. తిరుపతి వేంకట కవులుగా ప్రసిద్ధులైన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును ఊరూర అవధానములు చేసి దానిని సామాన్యజనుల కడకు తెచ్చిరి. అవధానమున ఒక నియమము కలదు. అడుగు పృచ్ఛకుడును విషయము తెలిసినవాడై యుండవలెను. తెలియనివాడు అడిగిన ప్రశ్నకు ఎంతటి అవధాని చెప్పిన జవాబైనను తప్పో ఒప్పో తేలదు గదా!

నేడు క్విజ్ అను పేరుతో జరుగు పోటీలు ఈ వేడుకకు క్రొత్త రూపములే. కలకత్తాలో 1967లో నీల్ ఓబ్రయన్ నిర్వహించిన పోటీని మన దేశమున ఇట్టి బహిరంగ పోటీలకు ఆరంభముగా చెప్పుదురు. 1970 తరువాత ఇంగ్లండులోని పానశాలలలో సాయంకాలము బల్లకు నలుగురేసి కూడి ప్రశ్నలకు జవాబులు వ్రాయు అలవాటు విస్తరించినది. ఆ క్విజ్ అను మాట పుట్టుకను గూర్చియే ఒక కట్టుకథ వ్యాపించి యున్నది. 1791లో డబ్లిన్ నగరమున ఒక నాటకశాల యజమాని పందెము కాచి, అర్థము లేని ఆ మాటను రాత్రికి రాత్రి గోడలపై వ్రాయించెనని దాని సారాంశము. కాని ఆ మాట అంతకు పూర్వమే, 1782 నాటికే, ఆంగ్లేయుల వ్రాతలలో కానవచ్చుచున్నది. పోటీ పేరును గూర్చిన జవాబే తప్పైనప్పుడు, పోటీలోని తక్కిన జవాబులను ఎంత పరీక్షింపవలెనో పాఠకులే యోచింపవచ్చును.

గ్రంథాలయముల వార్షికోత్సవములలో బాలబాలికలకు ఇట్టి పోటీలు పెట్టుట మంచి ఆచారము. అందు సాధారణముగా "మొదటిది ఏది? మిక్కిలి ఎత్తైనది ఏది? ఎవరు కనుగొనిరి?" అను ప్రశ్నలు వచ్చుచుండును. అరకులోయయు, దాని చుట్టునున్న తూర్పు కనుమలును ఇట్టి ప్రశ్నలకు పెట్టినది పేరు. వానికి వాడుకలో నున్న జవాబులను ఒక్కొక్కటిగా లెక్క సరిచూచినచో కొన్ని వింతలు బయటపడును.

మొదటి ప్రశ్న. బొర్రా గుహలను ఎవరు కనుగొనిరి? అనంతగిరి కొండలలో, గోస్తనీ నది ఒరసి పారు చోట, సున్నపురాతిలో నీరు యుగయుగములుగా తొలిచిన గుహలివి. "1807లో భూగర్భ పరిశీలన శాఖకు చెందిన విలియం కింగ్" అను జవాబు పుస్తకము నుండి పుస్తకమునకు ఎక్కుచున్నది. దీనిని కూడిక తీసివేతలతోనే పరీక్షింపవచ్చును. భారత భూగర్భ పరిశీలన శాఖ స్థాపితమైనది 1851లో. అనగా 1807 నాటికి ఆ శాఖ పుట్టుటకు ఇంకను 44 ఏండ్లు కలవు. ఆ శాఖలో విలియం కింగ్ అను శాస్త్రజ్ఞుడు నిజముగానే ఉండెను. 1887 నుండి 1894 వరకు దానికి అధిపతిగా పని చేసెను. ఆయన 1807లో ఇరువదేండ్లవాడై గుహలోనికి దిగి యుండినచో, 1894లో పదవి విడుచునాటికి ఆయనకు 107 ఏండ్లు ఉండవలెను! కావున ఆ సంవత్సరమును, ఆ ఉద్యోగమును, ఆ పేరును ఒక్క జవాబులో ఇముడవు.

అంతకన్న పెద్ద తప్పు "కనుగొనుట" అను మాటలోనే ఉన్నది. కొండపైన మేయుచున్న ఆవు రంధ్రమున జారి క్రింద పడెననియు, దానిని వెదకుచు పోయిన పసులకాపరి లోపల శివలింగమును చూచెననియు ఆ ప్రాంతపు గిరిజనులు చెప్పుకొందురు. శివరాత్రికి అచ్చట పూజలు జరుగును. ఒడియా భాషలో బొర్ర యనగా రంధ్రము. చోటు తెలియనివారు దానికి పేరు పెట్టలేరు గదా! ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పరిశోధకులు ఆ గుహలలో ప్రాచీన శిలాయుగపు రాతి పనిముట్లను గుర్తించిరి. అనగా కాగితము మీద పేరు వ్రాసిన దొరకు వేలకొలది ఏండ్ల పూర్వమే అచ్చట మనుష్యులు మసలిరి. అయినను పోటీలో ఒక పిల్లవాడు "పసులకాపరి" అని వ్రాసినచో సున్న మార్కులు, "విలియం కింగ్" అని వ్రాసినచో పూర్తి మార్కులు వచ్చుచున్నవి. కొండ కొమ్మున పుట్టిన బిడ్డ తన తాతలకు తెలిసిన చోటును పరదేశి కనుగొనెనని వ్రాసి బహుమానము పుచ్చుకొనవలసి వచ్చుట న్యాయమగునా?

రెండవ ప్రశ్న. దేశమున బ్రాడ్ గేజి రైలు స్టేషన్లలో మిక్కిలి ఎత్తైనది ఏది? బైలడిల్లా గనుల ఇనుప ఖనిజమును విశాఖపట్టణము రేవునకు చేర్చుటకై 1960 తరువాతి దశకమున కొత్తవలస నుండి కిరండూలు వరకు కొండలు తొలిచి రైలుదారి వేసిరి. ఆ దారిలో అరకునకు ముందు వచ్చు శిమిలిగూడ సముద్రమట్టమునకు సుమారు 996 మీటర్ల ఎత్తున నున్నది. చాలకాలము ఆ జవాబు ఒప్పుగనే ఉండెను. కాని 2008లో కాశ్మీరు లోయలో రైలు నడచుటతో ఆ బిరుదు శిమిలిగూడను విడిచిపోయినది. ఆ లోయలోని స్టేషన్లు 1,500 మీటర్లకు మించిన ఎత్తున నున్నవి. పాత పుస్తకము అబద్ధమాడలేదు, కాలము మారినది. జవాబునకును పంటలెక్కకు వలె సంవత్సరము వేయవలెను. ఏ ఏటి లెక్కయో చెప్పని అంకె ఎవరికిని అక్కరకు రాదు.

ఇట్టిదే జిల్లా సంగతియు. అరకు ఏ జిల్లాలోనిది? 2022 ఏప్రిల్ 4వ తేదీకి ముందు విశాఖపట్టణము జిల్లా. ఆ నాటి నుండి పాడేరు ముఖ్యపట్టణముగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లా.

మూడవ ప్రశ్న. తూర్పు కనుమలలో ఎత్తైన శిఖరమేది? ఒక పాఠ్యపుస్తకమున 1,501 మీటర్ల మహేంద్రగిరి యని ఉండును. మరియొక పుస్తకమున చింతపల్లి దాపున 1,680 మీటర్ల అర్మకొండ యని ఉండును. కోరాపుట్టు జిల్లాలోని దేవమాలి 1,672 మీటర్లని ఒడిశావారు చెప్పుదురు. అంకెలు చూచిన యంతనే మహేంద్రగిరి మొదటిది కాజాలదని తేలుచున్నది. అయినను ఆ జవాబు నిలిచి యుండుటకు కారణము దాని కీర్తియే. కాళిదాసు రఘువంశమునందును పురాణములందును మహేంద్రగిరి పేరు మారుమ్రోగినది. మన్యపు కొండలకు అట్టి కవులు దొరకలేదు. కీర్తి వేరు, కొలత వేరు.

నాలుగవ ప్రశ్న. గదబలు మాట్లాడు భాష ఏ కుటుంబమునకు చెందినది? ఒక్క మాటలో జవాబు కోరువారికి ఇది చిక్కుప్రశ్న. గదబలలో కొందరి గుతోబు భాష ముండా కుటుంబమునకు చెందినది. అది తెలుగునకు చుట్టము కాదు. మరికొందరి ఒల్లారి భాష ద్రావిడ కుటుంబమునకు చెంది తెలుగునకు దాయాది యగుచున్నది. జాతి పేరు ఒకటి, తల్లినుడులు రెండు. ఇట్టి సంగతి పట్నమున కూర్చుండి ఊహించిన తెలియదు. పోయి వారినే అడుగవలెను. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి చేసిన పని అదియే. సవరల భాషను సవరల నోటనే విని నేర్చి, వారి పిల్లలకు బడులు పెట్టించి, 1931లో ఆ భాషకు వ్యాకరణగ్రంథమును ప్రకటించిరి. గొప్ప పండితుడు కొండవాని యెదుట విద్యార్థియై కూర్చుండుట వలననే సరియైన జవాబు లభించినది.

అయిదవ ప్రశ్న. మన్యమునకు ఏజెన్సీ అను పేరు ఎట్లు వచ్చినది? నిత్యము పలుకు మాట యైనను దీనికి బదులు చెప్పగలవారు తక్కువ. గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండప్రాంతములలో తిరుగుబాట్లు చెలరేగిన పిమ్మట కంపెనీవారు 1839లో 24వ చట్టము చేసిరి. దాని వలన ఆ ప్రాంతములు సాధారణ న్యాయస్థానముల అధికారమునుండి తొలగిపోయి, కలెక్టరు గవర్నరుకు ఏజెంటుగా పాలించు సీమ యైనది. ఏజెంటు ఏలిన చోటు ఏజెన్సీ. పేరు వెనుక ఒక పాలనాపద్ధతి చరిత్రయంతయు దాగి యున్నది.

ఆరవ ప్రశ్న సీతారామరాజును గూర్చినది. 1922 ఆగష్టు 22, 23, 24 తేదీలలో ఆయన బలగము చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై పడెననియు, 1924 మే 7వ తేదీన ఆయన కొయ్యూరు ప్రాంతమున కాల్చి చంపబడెననియు పిల్లలు గుక్క త్రిప్పుకొనక చెప్పుదురు. మంచిదే. కాని ఆ తిరుగుబాటు ఏల వచ్చినదని అడిగినచో పలువురు నీళ్లు నములుదురు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము వలన పోడు సేద్యమునకును, పశువుల మేతకును, వంటచెరకునకును అడ్డులు వచ్చినవి. ముఠాదారుల పూర్వపు హక్కులు తరిగినవి. ఘాటురోడ్ల పనులలో చాలని కూలికి చాకిరి చేయించుకొనిరి. "ఎప్పుడు?" అను ప్రశ్నకు తేదీ చాలును, "ఏల?" అను ప్రశ్నకు జనుల కడుపుమంట తెలియవలెను. పోటీలలో రెండవ ప్రశ్నకును చోటు ఉండవలెను.

కడపటి ప్రశ్న మరల బొర్రాకే వచ్చుచున్నది. బొర్రా ప్రాంతపు భూమి ఎవరిది? అనంతగిరి మండలమున గిరిజన గ్రామముల భూములను ప్రభుత్వము గనుల కొరకు గిరిజనేతరులకు కౌలుకిచ్చెను. సమత అను సంస్థ న్యాయస్థానమునకు పోయెను. 1997 జులై 11వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ఆ వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, షెడ్యూల్డు ప్రాంతములలో ప్రభుత్వము సైతము తన భూమిని గిరిజనేతరులకు గనుల కౌలుగా ఇయ్యరాదని నిర్ణయించెను. దేశమందలి ఆదివాసుల హక్కులను గూర్చి ముచ్చటించువారందరును ఈ తీర్పును తలంతురు. అది పుట్టినది బొర్రా గుహల చెంతనే. గుహను "కనుగొన్నది ఎవరు" అను ప్రశ్నకును, భూమి "ఎవరిది" అను ప్రశ్నకును నడుమ దూరము తక్కువ. మొదటి దానికి తప్పు జవాబు అలవాటైన లోకము రెండవ దానికి ఒప్పు జవాబు చెప్పుటకు చాల ఏండ్లు పట్టెను.

పై ఉదాహరణముల వలన పోటీలు వలదని తాత్పర్యము కాదు. ప్రశ్న లేనిదే చదువు లేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన నాటి నుండి ఊరూర గ్రంథాలయములు నెలకొల్పినవారి కోరికయు అదియే: సామాన్యుడు తన సందేహమును తానే పుస్తకము తెరచి తీర్చుకొనవలెనని. అయితే ఒక్క పుస్తకము చాలదు. ప్రశ్నలు కూర్చువారు ప్రతి జవాబును రెండు పుస్తకములలోనైనను సరిచూడవలెను. అంకెలకు సంవత్సరము చేర్చవలెను. ఆ చోట పుట్టి పెరిగినవారిని అడిగి తెలిసికొనవలెను. తప్పు దొరకినచో పాత అచ్చు మీది గౌరవముచేత దానిని కప్పిపుచ్చరాదు.

యక్షుడు చివరకు ధర్మరాజును, తమ్ములలో ఒక్కనినే బ్రతికింతును, ఎవ్వడు కావలెనని అడిగెను. మహాబలుడైన భీముని గాని, విలుకాడైన అర్జునుని గాని ఆయన కోరలేదు. కుంతికి కొడుకుగా తానుండగా మాద్రికిని ఒక కొడుకు ఉండవలెనని నకులుని కోరెను. అంతవరకు చెప్పిన జవాబులు ఆయన తెలివిని చూపినవి. ఈ జవాబు ఆయన న్యాయమును చూపినది. దీనికి మెచ్చియే యక్షుడు నలుగురిని లేపెను. ఏ సభలోనైనను, ఏ పోటీలోనైనను, సభలో లేని తల్లి బిడ్డకును పాలు దక్కునట్లు చెప్పినదే సరియైన జవాబు.