అమ్మ దగ్గరున్న తాళంచెవి

పసివాడి ఏడుపు విని, అది ఆకలేడుపో, నిద్ర ఏడుపో, చీమ కుట్టిన ఏడుపో చెప్పడానికి తల్లికి ఏ డిగ్రీ అక్కర్లేదు. మనకందరికీ తెలిసిన సంగతే. దీన్ని వైద్యశాస్త్రం ఒప్పుకోవడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. ఆటిజం చరిత్ర చదువుతూంటే నాకు ఒకచోట ముచ్చటేసింది, మరోచోట ఒళ్ళు మండింది.

అమెరికాలో, మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి డోనాల్డ్ ట్రిప్లెట్ అనే ఐదేళ్ళ కుర్రాణ్ణి 1938లో తల్లిదండ్రులు బాల్టిమోర్ నగరంలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడికి చూపించారు. కొడుకు సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెబుతూ తండ్రి ముందే 33 పేజీల ఉత్తరం రాసి పంపాడు. 1943లో కానర్ రాసిన ప్రసిద్ధ వ్యాసంలో మొదటి పిల్లవాడు ఈ డోనాల్డే.

'అవును' అంటే భుజాల మీద ఎక్కించుకుంటానని తండ్రి వాడికి ఆశపెట్టి ఆ మాట నేర్పాడట. ఇంకేముంది! వాడి నిఘంటువులో 'అవును' అంటే 'నన్ను భుజానెక్కించుకో' అని స్థిరపడిపోయింది.

1946 వ్యాసంలో ఇంకో పిల్లవాడున్నాడు. గిన్నెలాంటిది ఏది కనబడినా, గుమ్మడికాయలు తినే పీటర్ పాటలోని ముక్క అందుకునేవాడు. వినేవాళ్ళకి అది వట్టి పిచ్చిమాట. తల్లికి మాత్రం తెలుసు. వాడికి రెండేళ్ళప్పుడు వంటింట్లో ఆ పాట పాడుతూండగా ఆవిడ చేతిలోంచి గిన్నె జారిపడింది. ఆ మాటకి తాళంచెవి అమ్మ దగ్గరుంది. అడిగినవాళ్ళకి దొరికింది.

అయినా నింద ఎవరి మీద పడిందనుకున్నారు? అమ్మానాన్నల మీదే! ఈ పిల్లలు ఫ్రిజ్‌లో పెట్టినట్టు పెరిగారని 1949లో కానరే రాశాడు. 1967లో బ్రూనో బెట్టెల్‌హైమ్ పుస్తకం ఆ నిందకి మరింత ప్రచారం తెచ్చింది. బిడ్డకేమైనా కోడల్నే అనే అలవాటు మన ఇళ్ళలోనే ఉందనుకున్నాను, పెద్ద చదువులకీ ఉందన్నమాట! తన కొడుక్కి ఆటిజం ఉన్న బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వవేత్త 1964లోనే ఈ వాదాన్ని ఖండించాడు. చివరికి 1969లో కానర్ తల్లిదండ్రుల సభలోనే, తప్పు మీది కాదని చెప్పాడు.

ఇప్పుడు కథ తిరిగింది. మన గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో, డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలు, తల్లీ బిడ్డా ఆడుకుంటూంటే వీడియో తీసి, దాన్ని తల్లితో కలిసి చూశారు. బిడ్డ ఎప్పుడు తనవైపు తిరిగాడో, ఎప్పుడు తాను తొందరపడి మాట అందించేసిందో తల్లికే కనబడింది. 2016లో ఫలితాలు వచ్చాయి. పిల్లలు తమంతట తాము తల్లిని కదిలించడం పెరిగింది.

ఇందులో మంత్రాలేం లేవు. నేల మీద బిడ్డ ఎదురుగా కూర్చోవాలి. వాడు చక్రం తిప్పుతూంటే మనం బొమ్మల పుస్తకం లాగకుండా 'చక్రం' అనాలి. ఆపైన నోరు మూసుకుని ఆగాలి. మన ఆడవాళ్ళకి కష్టమైనదిదే! మాట రాకపోతే వేలు చూపినా, బొమ్మ అందించినా అదీ మాటే. రెండు భాషలు వింటే పిల్లలు చెడిపోతారని అమెరికాలో కొందరు మనవాళ్ళు తెలుగు మానేస్తారు. ఆ భయానికి పరిశోధనల్లో ఆధారం కనబడలేదు. అమ్మకి హాయిగా వచ్చిన భాషే బిడ్డకి మేలు. మాటలు ఆలస్యమైతే డాక్టరుకి చూపించడం మాత్రం వాయిదా వెయ్యకండి.

డోనాల్డ్ సొంత ఊళ్ళో బ్యాంకులో ఉద్యోగం చేశాడు, కారు నడిపాడు, దేశాలు తిరిగాడు. 2023లో 89 ఏళ్ళ వయసులో పోయాడు. పిల్లలందరి దారీ అలాగే ఉండాలని లేదు. వాళ్ళ నాన్న చేసిన పని మాత్రం మనమూ చెయ్యచ్చు. పాల లెక్క రాసే పుస్తకంలో వెనక పేజీ చాలు. బిడ్డ ఏ మాటన్నాడు, అంతకుముందు ఏం జరిగింది, రాసిపెట్టుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు అది కూడా సంచీలో వేసుకోండి.